కొయ్యొద్దన్న సీటు

ఆటోనగర్‌లో నా షెడ్డు మూసేసి రెండేళ్లు దాటింది. ఇప్పుడు గోపాలపట్నంలో మా ఇంటి వరండాలో కూర్చుని, రోడ్డు మీద పోయే బండ్ల చప్పుడు వింటూ, దేనికి చైను వదులైందో, దేనికి సైలెన్సరు చిల్లు పడిందో మనసులోనే చెప్పుకుంటూ ఉంటాను. మా ఆవిడ దీన్ని రోగం అంటుంది. నలభై ఏళ్లు మోటారు సైకిళ్ల పక్కన గొంతుక్కూర్చున్నవాడికి ఈపాటి రోగం లేకపోతే ఎలా?

పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటారు. "మేస్త్రీ, నీ సర్వీసులో కష్టమైన కేసు ఏటి?" అని అడుగుతారు. తుపాను నీళ్లలో మునిగిన బండిని ఆరబెట్టి, మూడో రోజున ఒక్క కిక్కుతో లేపిన కథ చెబుతాను. ఆ కిక్కుల లెక్క నేను చెప్పిన ప్రతిసారీ తగ్గుతూ వచ్చింది. మొదట్లో ఏడో ఎనిమిదో ఉండేవి. కుర్రాళ్లు నోరు తెరుచుకుని వింటారు. నాకూ బాగుంటుంది.

చెప్పనిది ఒకటుంది. అందులో ఇంజను జోలికే పోలేదు. ఒక పొట్టి మనిషికి ఒక పొడుగు బండిని దించి ఇచ్చాను, అంతే. ఎవరైనా చేసే పనే. నోటితో చెప్పడం నా వల్ల కావడం లేదు కనుక రాస్తున్నాను. చేతికి పానా వచ్చిన కొత్తలోనే మీరు ఇది చదివితే మంచిది.

మా షెడ్డుకొచ్చే కుర్రకారులో ఎక్కువమంది బండి ఎత్తు పెంచమనేవారు. దించమని వచ్చేవాళ్లు తక్కువ. వచ్చినవాళ్లు కూడా అసలు సంగతి చెప్పరు. "సీటు గట్టిగా ఉంది మేస్త్రీ, కాస్త ఫోము తీయించు" అంటారు. సిగ్నలు దగ్గర బొటనవేళ్ల మీద నిలబడి అవస్థ పడుతున్నామని ఏ మగాడూ ఒప్పుకోడు. వాళ్ల పరువు పోతుందని నేనూ టేపు తీసేవాణ్ణి కాదు, కళ్లతోనే కొలిచేవాణ్ణి.

నేను చెప్పాలనుకున్న ఆమె అలా కాదు. మరిది చేత బండి తెప్పించి షెడ్డు ముందు నిలబెట్టించింది. అతను వెళ్లిపోయాక కొంగు నడుముకి బిగించి నా ముందుకొచ్చింది.

"నాను పొట్టి, బండి పొడుగు. నన్ను సాగదియ్యనేవు గదా మేస్త్రీ. దీన్ని దించు" అంది.

ఆ బండి నాకు తెలుసు. స్టీల్ ప్లాంటులో రిటైరైన ఒకాయన అమ్మేస్తుంటే, నేనే మధ్యలో ఉండి ఆమె భర్తకు ఇప్పించాను. పాత మోడలు, తయారీ ఎప్పుడో ఆపేశారు. ఎత్తు ఎక్కువని ఎవరూ తీసుకోక పడి ఉండేది. అతను వచ్చి కాలు వేసి కూర్చోగానే, ఇతని కొలతలు తీసుకునే ఈ బండి చేశారేమో అనిపించింది. ఫిషింగ్ హార్బర్ పక్క పేట మనిషి, మరబోటులో వేటకి వెళ్లేవాడు. ఆరడుగులు దాటిన మనిషి. నా షెడ్డు రేకు తలకి తగులుతుందని వంగి లోపలికొచ్చేవాడు, పోయేటప్పుడు మర్చిపోయి తగిలించుకునేవాడు. వేట లేని రోజుల్లో చేపల గంపతో సహా ఆమెను వెనక కూర్చోబెట్టుకుని గాజువాకలో దింపేవాడు.

కార్తీకంలో వాయుగుండం పట్టిన వారం వాళ్ల బోటు తిరిగి రాలేదు. ఏడుగురు మనుషులు. వెతికారు, ఒడ్డు పొడవునా కబుర్లు పంపారు. బోటు చెక్కముక్క కూడా దొరకలేదు.

చెక్కముక్క దొరకకపోవడం వాళ్ల పేటలో ఒక ఆశ. అది దొరికేదాకా మనిషి పోయాడని ఎవరూ అనరు. బొట్టు తీయరు, దినం చేయరు, అతని చొక్కా కూడా ఒకరికి ఇవ్వరు. గాలికి కొట్టుకుపోయి, పక్క దేశం జైల్లో ఏళ్ల తరబడి ఉండి, ఒక రోజు గెడ్డాలతో రైలు దిగినవాళ్లు ఆ పేటలో ఉన్నారు. అందుకని ఎదురుచూడడం అక్కడ పిచ్చితనం కాదు, ఇంటి పద్ధతి.

ఆమె నా దగ్గరకు వచ్చింది వేసవిలో, ఏటా సర్కారు సముద్రం మీద వేట ఆపేసే రెండు నెలల్లో. మళ్లీ వేట తెరిచేనాటికి బండి కావాలంది. తెల్లారకముందే హార్బర్లో వేలంపాటకి నిలబడాలి, పాడుకున్న చేపల్ని ఐసు పెట్టెల్లో వేసుకుని గాజువాక వీధుల్లో, స్టీల్ ప్లాంటు క్వార్టర్లలో అమ్మాలి. చేపల నీళ్లు కారతాయని ఆ వేళకు ఆటోవాళ్లు ఎక్కించుకోరు.

"స్కూటరు కొనుక్కోరాదా అమ్మా, ఈ అవస్థ ఎందుకు?" అన్నాను.

"ఇంట్లో బండెట్టుకుని మల్లీ స్కూటరేటి? ఇది కదలకపోతే తుప్పట్టిపోద్ది. ఆయనొచ్చీసరికి నడిచే బండుండాల. నేపోతే నన్నే తిడతాడు."

"గేర్లు వచ్చా?"

"ఆయనే నేర్పినాడు. నాను ముందు కూకుని తోలితే, ఎనకాల ఆయన కాళ్లు ఆనించీవాడు. ఆపినప్పుడల్లా ఆయన కాళ్లే. ఇప్పుడు నా కాళ్లే ఆనాల." కొంగు మళ్లీ నడుముకి బిగించుకుంది. "ఒక్క మాట మేస్త్రీ. ఏటీ కొయ్యకు. ఏది తీసినా మూటగట్టి దాసు. ఆయనొచ్చినాక మల్లీ ఎత్తుగా సేసీయాల. మోకాళ్లు గెడ్డానికి తగిలీలాగ కూకుంటే మా ఆయనకి బాగోదు."

తను చెప్పిందానికి తనే నవ్వింది. నేనూ నవ్వి, సరే కొయ్యను అన్నాను. ఒట్టు వేయమంటే బండి ట్యాంకు మీద చెయ్యి పెట్టి ఒట్టు కూడా వేశాను.

బండి దించడం అంటే ఏమిటో మీకు తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను. వెనక పొడుగు షాకబ్జర్లు రెండూ విప్పి, వేరే మోడలువి పొట్టివి బిగించాను. వెనక ఒక్కటే దించి ఊరుకుంటే బండి ముక్కు పైకెత్తి, మలుపుల్లో మాట వినదు. అందుకని ముందు ఫోర్కు పైపుల్ని కూడా అంతే కొలతకి పైకి జరిపి బిగించాను. చాలామంది మర్చిపోయేది సైడు స్టాండు. బండి దిగిందంటే స్టాండు పొడుగైపోయినట్టే. వాలి నిలబడాల్సిన బండి నిటారుగా నిలబడి, చిన్న గాలికి అవతలి పక్కకి పడిపోతుంది. దాన్ని కోసి అతికించడం సులువు. కానీ మాటిచ్చాను కనుక పాత సామాన్ల షాపుల్లో తిరిగి ఇంకో పొట్టి స్టాండు తెచ్చి వేశాను. తీసినవన్నీ నూనె రాసి, గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టాను. అంతవరకూ మాట తప్పలేదు.

ఆమెను కూర్చోమంటే మునివేళ్లు నేలకి తగిలాయి. మడమలు గాల్లోనే ఉన్నాయి. ఒట్టి బండికైతే అది చాలు. వెనక రెండు ఐసు పెట్టెలు నింపుకుని, లారీలు వరస కట్టే పోర్టు రోడ్డు మీద ఆపుకోవాలంటే చాలదు. ఇంకో రెండంగుళాలు కావాలి. ఇక మిగిలింది సీటు ఒక్కటే. పైన ఫోము రెండంగుళాలు కోస్తే పని అయిపోతుంది.

కొయ్యకూడదు కాబట్టి, అలాంటిదే ఇంకో సీటు సంపాదించి దాన్ని కోద్దామనుకున్నాను. మూడు వారాలు వెతికాను. ఆటోనగర్లో అడగని షాపు లేదు. ఆ మోడలు సీటు ఎక్కడా దొరకలేదు.

మా పక్క షెడ్డులో సీట్లు కుట్టే మేస్త్రి ఒకడుండేవాడు. నా ఈడువాడే. చుట్టరికం ఏమీ లేకపోయినా పాతికేళ్లుగా బావా అంటే బావా అనుకునేవాళ్లం. సీటు కుట్టేటప్పుడు నోట్లో సూది పెట్టుకుని కూడా మాట్లాడగల మనిషి. వేట తెరిచే ముందురోజు సాయంత్రం నా షెడ్డులోకొచ్చి ఆ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏటి సేత్తన్నావ్ బావా? రేపటికి బండిత్తానన్నావు. ఆవిడ హార్బర్‌కి ఎలాగెల్తాది?"

"సీటు దొరకలేదు. కొయ్యొద్దంది" అన్నాను.

"మరేటి సేద్దాం?"

అప్పుడు నేనన్న మాట ఇన్నేళ్లయినా నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "కోసీ బావా. ఇంకెవరొచ్చి అడుగుతారు గనక?" అన్నాను.

తప్పు వాడి మీదకి నెట్టేయడానికి నాకు వీలు లేదు. ఆ మాట వాడనలేదు, నేనే అన్నాను. అన్నప్పుడు నాకు చెడ్డ ఉద్దేశం లేదు. ఆమె పడిపోకూడదు, ఏ లారీ కిందా పడకూడదు అనుకున్నాను. దాని వెనక ఇంకో ఆలోచన ఉంది: ఏడు నెలలైంది, ఆ మనిషి ఇక రాడు. ఇంజను చప్పుడు విని లోపల ఏం పాడైందో చెప్పేసే అలవాటు మనుషుల విషయంలో కూడా పనిచేస్తుందనుకున్నాను.

వాడు కత్తి పట్టుకుని కొంచెంసేపు నా మొహం చూశాడు. "ఒట్టేసినావంట కదా?" అన్నాడు.

"కోసీ" అన్నాను.

కవరు వొలిచి, ఫోము కోశాడు. కవరుకి ఎడమపక్క మూలన ఒకచోట చిరిగితే ఎవరో నీలం దారంతో ముతకగా కుట్టి ఉంది. చూడ్డానికి బాగోలేదని, ఆ కవరు పారేసి కొత్తది వేయమని కూడా నేనే చెప్పాను. పనితనం చూపించుకోవాలని మనకుండే యావ ఉందే, అది వేళాపాళా చూడదు.

తెల్లారి ఆమె వచ్చింది. రావడంతోనే సీటు చూసి, "నా సీటేదీ?" అంది.

"ఇది వేరే సీటమ్మా. నీది మూటలో ఉంది" అని అటక వైపు చూపించాను. మూట నిండుగా కనపడాలని, ఏదో చిరిగిపోయిన బండి సీటు ఒకటి అందులో దూర్చి కట్టాను. అబద్ధానికి కూడా కొలత చూసుకునేవాణ్ణి నేను.

ఆమె బండెక్కి కూర్చుంది. రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాయి. తల వంచి పాదాల వంక చాలాసేపు చూసుకుంది. ఏడుస్తుందేమోనని నాకు భయం వేసింది.

"బ్రేకు కాస్త వదులుగున్నాది" అంది.

బిగించి ఇచ్చాను. వెళ్లిపోయింది.

అక్కణ్నుంచి మూడేళ్లు ఆమె ఆ బండి మీదే బతికింది, అత్తనీ ఇంటినీ ఆ బండి మీదే లాక్కొచ్చింది. నా చేతి మీదుగా వెళ్లిన బండ్లలో అంత శుభ్రంగా సర్వీసుకి వచ్చే బండి ఇంకోటి లేదు. చేపల వాసన నాకు తగలకూడదని ముందురోజే కడిగి తెచ్చేది. కాగితంలో చుట్టి నెత్తళ్లో, కానాగంతలో తెచ్చి బల్ల మీద పెట్టేది. నూనె మార్చేంతసేపూ వాళ్ల అత్త సంగతులూ, వేలంపాటలో తనని ఎవరు మోసం చేయబోయారో, తనెలా సాగనివ్వలేదో చెప్పేది. వెళ్లేముందు మాత్రం ప్రతిసారీ అటక వైపు తలెత్తేది.

"ఉన్నాయి కదా మేస్త్రీ?"

"ఉన్నాయమ్మా."

"సీటుకి ఎలకలు తగలకుండా సూడు."

"చూస్తున్నానమ్మా."

మా ఆవిడ ఆ చేపలు పులుసు పెడితే నాకు ముద్ద దిగేది కాదని రాయాలని ఉంది. కానీ దిగేది. బాగా దిగేది. అదే ఇప్పుడు సిగ్గుగా ఉంది. షాకబ్జర్లకి మాత్రం ప్రతి నాలుగు నెలలకీ మూట విప్పి నూనె రాసేవాణ్ణి. మొదట్లో అబద్ధం పట్టుబడకూడదని రాసేవాణ్ణి. తర్వాత్తర్వాత ఎందుకు రాస్తున్నానో నాకే తెలిసేది కాదు. నిజం చెప్పేయడానికి ఆ మూడేళ్లలో చాలా రోజులు దొరికాయి. ఏ రోజుకి ఆ రోజు, వచ్చేసారి చెబుదాంలే అనుకున్నాను.

ఒక గురువారం మధ్యాహ్నం ఆమె సర్వీసు వేళ కాకుండా వచ్చింది. ఐసు పెట్టెలు లేవు. బండికి స్టాండు కూడా వేయకుండా నా చేతికి అప్పగించేసి, గసపెడుతూ నిలబడింది.

"మూట దించీ మేస్త్రీ. ఆయన పేరొచ్చినాది."

హార్బర్లో ఎవరో ఫోనులో చదివారట. పక్క దేశం జైలు నుంచి వదిలిపెట్టిన వాళ్ల జాబితా. అందులో ఆమె భర్త పేరుంది. ఆదివారం పొద్దున్న రైల్లో దిగుతారు.

"మిగిలిన ఆరుగురూ?" అని అడిగాను.

"ఆల పేర్లు నేవు. ఏటయ్యారో తెల్దు. మా ఆయన గజీతగాడు మేస్త్రీ, ఇంకో బోటోలు లాక్కుని ఉంటారు." మాటకి మాట అడ్డం పడిపోతోంది. "టేసన్లోంచి ఆయనే తోలాల. నాను ఎనకాల కూకోవాల. సనివారానికి ఎత్తుగా సేసిచ్చీ. అన్నీ ఆయన బండిలాగే ఉండాల. సీటు కూడా అదే ఎయ్యి."

ఆమెను పంపించి నేను పక్క షెడ్డుకి వెళ్లాను. సీట్ల మేస్త్రి మిషను ఆపి నా మొహం చూడగానే లేచి నిలబడ్డాడు. సంగతి చెప్పాను.

"మడిసి ఒత్తన్నాడా?" అని నుదురు పట్టుకున్నాడు. కాసేపటికి, "ఒత్తే మంచిదే కదా బావా. మనం తిట్లు తిందాం. ఆడు రానీ" అన్నాడు.

ఆ రెండు రోజులు ఇద్దరం వేరే పని ముట్టుకోలేదు. కోసిన సీటునే విప్పి, ఫోము ముక్కలు ఒకదాని మీద ఒకటి అంటించి, చెక్కి, పాత ఎత్తుకి తెచ్చాం. నా గుర్తే కొలత. ఆ మనిషి కూర్చున్నప్పుడు మోకాలు ట్యాంకుకి ఎక్కడ తగిలేదో గుర్తు చేసుకుంటూ, ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ వాడిచేత చెక్కించాను. కవరు పాతదిలా కనపడాలని మడ్డి నూనె గుడ్డతో రుద్దాం, మట్టి చల్లి దులిపాం.

"చిరిగిపోయిన సీటుని కొత్తగా సెయ్యమంటే సేత్తాను గానీ బావా, కొత్తదాన్ని ముసిల్దాన్ని సెయ్యడం నా వల్ల కాదు" అన్నాడు వాడు. అయినా చేశాడు. మూట విప్పి పొడుగు షాకబ్జర్లు బిగించాను. తుప్పు చుక్క లేదు. పాత స్టాండు వేసి బండి నిలబెట్టి ఇద్దరం దూరంగా జరిగి చూశాం. మళ్లీ అతని బండే అయింది.

శనివారం ఆమె మరిదిని వెంటబెట్టుకుని వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. బండి చుట్టూ తిరిగి, సీటు మీద చెయ్యి వేసి ఈ చివర్నుంచి ఆ చివరకి నిమిరింది. ఎడమపక్క మూలకి వచ్చేసరికి చెయ్యి ఆగింది. అక్కడే రెండుసార్లు తడిమి, నా వైపు చూసింది.

"ఏమమ్మా?" అన్నాను.

"ఏటీ నేదు" అంది. మరిది బండి స్టార్టు చేశాడు. ఆమె వెనక ఎక్కి కూర్చుని, మలుపు తిరిగేటప్పుడు మా ఇద్దరికీ చెయ్యి ఊపింది. సీట్ల మేస్త్రి కళ్లు తుడుచుకోవడం చూశాను. చూడనట్టు ఉండిపోయాను.

ఆదివారం అంతా ఎదురుచూశాను. సోమవారం కూడా. అతను తల వంచుకుని నా షెడ్డులోకి రావాలి, రేకు తలకి తగిలించుకోవాలి, సీటు ఎందుకు మార్చావురా అని నన్ను తిట్టాలి. ఆ తిట్లు పడాలని నా ప్రాణం కొట్టుకుంది.

మంగళవారం మధ్యాహ్నం బండి చప్పుడు వినపడింది. చూస్తే ఆమె ఒక్కతే. అంత ఎత్తు బండిని అంత దూరం నుంచి ఒక్కతే తోలుకొచ్చింది. ఆపడానికి సీటు మీద నుంచి పూర్తిగా ఒక పక్కకి జారి, ఒక కాలి మీద బండి బరువంతా ఆన్చి దిగింది. మోకాలి దగ్గర చీర చిరిగి ఉంది, మోచేయి గీరుకుపోయి ఉంది. దారిలో ఎక్కడో పడింది. నేను పరిగెత్తి బండి పట్టుకున్నాను.

బల్ల మీద కూర్చుని, ఇచ్చిన నీళ్లు తాగి, గ్లాసు పక్కన పెట్టింది.

"ఆయన కాదు మేస్త్రీ."

సీట్ల మేస్త్రి కూడా వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు.

"రైలు దిగినోలందరికీ ఎవురో ఒకలు ఎదురొచ్చినారు. ఒక ముసిలాయన ఒక్కడే నిలబడిపోనాడు. పేరు పెట్టి పిలిత్తే పలికినాడు. మా ఆయన పేరే."

ఆ పేరు నేనిక్కడ రాయను. కొండ మీది దేవుడి పేరు. మా వైపు ఇంటికొకడికి పెట్టుకుంటాం, అందుకే ఇంటిపేరూ తండ్రి పేరూ కలిపి చెప్పుకుంటే గాని మనిషి ఎవరో తెలియదు. ఫోనులో చదివిన జాబితాలో అవి లేవు, ఒట్టి పేర్లు ఉన్నాయి. ఆ ముసలాయనది శ్రీకాకుళం వైపు ఏదో తీరం ఊరు.

"ఆయనోలికి కబురెల్లనేదు" అంది. "ఆలకెల్లాల్సిన కబురు నాకొచ్చీసింది కదా."

"మరి ఏం చేశావమ్మా?"

"ఏటి సేత్తాను? ఆకలేత్తన్నాదంటే టిపినీ పెట్టించినాను. మా ఆయన కోసం సొక్కా ఒట్టుకెల్లినాను, అది తొడిగినాను. మోకాళ్ల దాకా ఒచ్చీసింది, పాపం. బస్సెక్కించి, ఆల ఊరు దగ్గర దింపమని కండట్రుకి సెప్పినాను. ఆలావిడ కూడా నాలాగే సూత్తుంటాది కదా."

సీట్ల మేస్త్రి గ్లాసు మళ్లీ నింపి ఆమె పక్కన పెట్టాడు.

"మా ఆయన బోటు సంగతి అడిగినాను. ఆయన నా సెయ్యట్టుకుని, నానెప్పుడూ ఇననేదు తల్లీ అన్నాడు. అక్కడింక మనోలెవులూ మిగల్నేదంట. అందరూ ఒచ్చీసినారంట."

లేచి బండి దగ్గరకెళ్లి, సీటు మీద చెయ్యి వేసింది.

"దించీ మేస్త్రీ. ఈపాలి ఏటీ దాయకు. సీటు కూడా కోసీ."

ఇంక ఆగలేకపోయాను. "అమ్మా, ఆ సీటు..." అన్నాను.

"ఎరుకే. ఇది నా సీటు కాదు." ఎడమ మూల చూపించింది. "ఇక్కడ ఆయన గాలం తగిలి సిరిగితే నాను వల దారంతో కుట్టినాను. మొన్న సెయ్యెడితే కుట్టు నేదు. అప్పుడే తెలిసిపోనాది."

"మరి ఎందుకు అడగలేదమ్మా?"

"మడిసే ఒత్తన్నాడు, సీటేటి అనుకున్నాను." కుట్టు ఉండాల్సిన చోటునే వేలితో గీస్తూ ఉంది. "ఎప్పుడు కోసినావు?"

"మొదట్లోనే. వేట తెరిచే ముందురోజు."

ఆమె వేలు ఆగిపోయింది.

"అయితే ఆయన రాడని నీకు ఆ రోజుకే తెలుసన్నమాట" అంది.

తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. తెలియదమ్మా, అనుకున్నానంతే అని చెప్పాలి. నోరు పెగల్లేదు. ఆ ముందురోజు సాయంత్రం ఎవరొచ్చి అడుగుతారని తేలిగ్గా అనేసిన నోరే అది.

"మూడేళ్లు ఉన్నాది, ఉన్నాది అన్నావు" అంది మళ్లీ. అది నిష్ఠూరమో, మరొకటో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

సీట్ల మేస్త్రి కత్తి తెచ్చాడు గాని, తను కొయ్యలేనని నాకిచ్చేశాడు. రెండు రోజులు కష్టపడి పెంచిన ఫోము నేనే కోశాను. ఆమె బల్ల మీద కూర్చుని మొత్తం చూసింది. షాకబ్జర్లు మార్చాను, ఫోర్కు పైపులు జరిపాను, స్టాండు మార్చాను. కూర్చోమంటే కూర్చుంది. రెండు పాదాలూ నేల మీద ఆనాయి. ఈసారి కిందికి చూసుకోలేదు. బ్రేకు సంగతి నేనే అడిగాను. బాగానే ఉందంది.

విప్పిన పొడుగు షాకబ్జర్లు నా చేతిలో చూసి, "అవి ఎవులైనా పొడుగోడికి ఇచ్చీ" అని, బండి స్టార్టు చేసుకుని వెళ్లిపోయింది.

మళ్లీ ఆమె నా షెడ్డుకి రాలేదు. గాజువాకలో ఒకటి రెండుసార్లు ఆ బండిని దూరం నుంచి చూశాను. చైను శుభ్రంగా ఉంది, ఎవరో బాగానే చూస్తున్నారు. పలకరించే ధైర్యం చాలలేదు. సీట్ల మేస్త్రి పోయి ఏడాదైంది. పోయేముందు చూడటానికి వెళ్తే, "బావా, ఆ నీలం దారం ముక్కైనా దాసుంటే బాగున్ను" అన్నాడు.

కుర్రాళ్లూ, మీరు నాకంటే బాగా పని చేస్తారు. మీ దగ్గర మిషన్లున్నాయి, కొలతలు తప్పవు. ఒక్కటే చెబుతాను. బండి తెచ్చిన మనిషి కొయ్యొద్దంటే కొయ్యకండి. చేయలేకపోతే చేయలేనని చెప్పి పంపించండి. వాళ్లు ఎదురుచూసే మనిషి వస్తాడా రాడా అని తేల్చే పని మనకెవరూ ఇవ్వలేదు.

షెడ్డు మూసేటప్పుడు పానాలతో సహా అన్నీ ఎవరికి కావాల్సినవి వాళ్లకి ఇచ్చేశాను. ఆ షాకబ్జర్లు మాత్రం ఇవ్వలేదు. ఎంతమంది పొడుగు మనుషులు అడిగినా లేవన్నాను. మా ఇంట్లో అటక మీద గోనెసంచిలో ఉన్నాయి. ఏటా వేట తెరిచే ముందురోజు దించి, తుడిచి, నూనె రాసి పెడతాను. మా ఆవిడ దీన్ని రోగం అనదు, గుడ్డ తెచ్చి చేతికి ఇస్తుంది. వాటి కోసం ఎవరూ రారు, నాకు తెలుసు. ఒకవేళ ఎప్పుడైనా ఆమె వచ్చి తలెత్తి, ఉన్నాయా మేస్త్రీ అని అడిగితే, ఉన్నాయమ్మా అంటాను. ఈసారి ఆ మాట నిజం.